సూర్యుడి మీద అనుమానం

పది గంటలకు రమ్మని, పదీ పదయినా పిలవలేదంటే లోపల ఏదో మంతనం సాగుతోందనే అర్థం. ఊరికే ఆలస్యమైతే తలుపు ఓరగా తీసి ఉండేది, నవ్వులు వినపడేవి, టీ కప్పులు లోపలికి వెళ్ళేవి. ఇప్పుడు పెద్దాఫీసరు గది తలుపు బిడాయించి ఉంది. ఆవిడ వరండాలో బల్ల మీద కూర్చుని చేతిలో కాగితాన్ని నాలుగో మడత పెట్టబోయి, అది సంతకం చేసి ఇవ్వాల్సిన కాగితమని గుర్తొచ్చి, మళ్ళీ విప్పి ఒడిలో పరిచి అరచేత్తో సాపు చేసింది. పైన తేదీల వరుస, కింద ఒక్క వాక్యం. 'పైన చెప్పిన పదకొండు తేదీల్లో కూడా మరణ కారణాలను మిగతా రోజుల్లాగే నమోదు చేశామని ధ్రువీకరిస్తున్నాను.' మంచిగా తెలుసుకోవాలనుకునేవాడు నోటితో అడుగుతాడు. కాగితం మీద రాయించుకునేవాడు రేపెప్పుడో మొహం మీద పెట్టి చూపించడానికే రాయించుకుంటాడు. పెద్దాఫీసరు ఉండగా తన సంతకమే ఎందుకు కావలసి వచ్చింది? అదీ నాలుగు రోజుల ముందే ఇచ్చి, 'తొందరేం లేదమ్మా, బాగా ఆలోచించుకుని పెట్టండి' అనడం దేనికి? ఎదుటివాడి మనసులో ఏదో ఉంటేనే కదా ఆలోచించుకోమంటాడు. అవునో కాదో చెప్పే సంతకానికి నాలుగు రోజుల ఆలోచనేమిటి అని ఆవిడ నాలుగు రోజులుగా ఆలోచిస్తూనే ఉంది.

అనుమానం ఆవిడకి కొత్త కాదు, జీతమే దానికిస్తారు. ఇరవై రెండేళ్ళుగా మరణాల నమోదు ఆఫీసులో ఆవిడ పని ఒకటే: డాక్టర్లు పంపిన కాగితాలు చదివి, ఏ మనిషి దేనివల్ల పోయాడో తేల్చి, సరైన గడిలో వెయ్యడం. డాక్టర్లందరికీ కలిపి ఒక జబ్బుంది, 'గుండె ఆగి మరణించారు' అని గిలికేసి చేతులు దులుపుకోవడం. గుండె ఆగకుండా పోయినవాడు లోకంలో ఎవడున్నాడు గనక! కిడ్నీలు పాడై పోయినా, లారీ గుద్ది పోయినా, నూరేళ్ళు నిండి నిద్రలో పోయినా చివరికి ఆగేది గుండే. అలాంటి కాగితం కంటపడితే చాలు, 'ఎందుకు ఆగింది?' అని ఎర్ర సిరాతో రాసి ఆఫీసు కంప్యూటరు లైనులో తిప్పి పంపేది. కొండల అవతలి చిన్న ఆసుపత్రుల నుంచి కూడా మధ్యాహ్నానికల్లా జవాబు వచ్చి తీరేది. అందుకే ఆఫీసంతా ఆవిడని ఎదురుగా అక్కయ్యా అని పిలిచి, వెనక్కి తిరగ్గానే ఎర్రసిరా అంటారు. ఇంట్లో ఆయన ఎదురుగానే అనేవాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి, రోజంతా తాళ్ళ మధ్య నిలబడి మోచేతుల దాకా గ్రీజు పూసుకుని వచ్చి, 'ఎర్రసిరా గారూ, ఏనాడైనా నా కాగితం మీ బల్ల మీదకొస్తే తిప్పి పంపకండి, పాపం ఆ డాక్టరుకి ఎన్ని పనులుంటాయో' అని నవ్వేవాడు. పాడు నోరు. తథాస్తు దేవతలుంటారయ్యా బాబూ అంటే వింటేగా!

కిటికీలోంచి పడిన ఎండ గచ్చు మీద పాక్కుంటూ ఆవిడ చెప్పు అంచుదాకా వచ్చింది. కాళ్ళు వెనక్కి లాక్కుని, అదీ చాలక బల్ల మీద ఇంకో జానెడు పక్కకి జరిగింది. ఎదురు బల్ల మీద, కొడుకు జనన పత్రం కోసం వచ్చి కూర్చున్న మనిషి వింతగా చూశాడు. చూడనీ. అతనికేం తెలుసు, పైనున్నవాడు ఎలాంటివాడో. ఎనిమిది నెలల కిందట ఆవిడకీ తెలీదు. అప్పుడే సూర్యుడి పెద్దమనిషి ఈ ఆఫీసుకి మొదటిసారి వచ్చాడు. ఏభై దాటిన మనిషి, మోకాళ్ళు అరిగి గోడ పట్టుకుని నడుస్తాడు, కొలిచే పరికరాల ముందు కూర్చుని సూర్యుడు ఎప్పుడు ఏం కక్కుతున్నాడో రాసుకోవడం ఉద్యోగం. సూర్యుడు ఉండుండి రేగిపోయి అతి సన్నని కణాలను విసురుతాడట, అవి భూమిదాకా వస్తాయట, వచ్చిన రోజుల్లో గుండె జబ్బు చావులు పెరుగుతాయేమోనని కొందరికి అనుమానమట. అనుమానమే సుమండీ, రుజువు లేదు, అని మూడుసార్లు అన్నాడు. మూడుసార్లు కాదన్నవాడి కడుపులో అవునని ఉన్నట్టే అనుకుంది ఆవిడ. ఆరేళ్ళలో అలాంటి రోజులు పదకొండని జాబితా తీసి బల్ల మీద పెట్టాడు. ఏడో వరుస దగ్గర ఆవిడ చూపు ఆగిపోయింది. అది ఆయన పోయిన రోజు.

ఆ రోజు సంగతి తలుచుకోకూడదని ఒట్టు పెట్టుకుంటూ, ఒట్టు పెట్టుకున్నప్పుడల్లా తలుచుకుంటూ రెండేళ్ళు గడిచాయి. పొద్దున్నే లైను పడిపోయింది. ఉపగ్రహం లైను అది, ఏడాదికి ఒకటి రెండుసార్లు పడిపోతుంది, ఎందుకని ఎవరూ అడగరు, కొండల అవతలకి ఇంకో దారీ లేదు. జాబితా మాత్రం సాయంత్రం అయిదుకి మూసి తీరాలి, పైనుంచి అదొక్కటే అడుగుతారు. ఎటూ తేలని కాగితాలు ముందరేసుకుని తల పట్టుకున్న వేళ, పదకొండూ పదికి ఫోను మోగింది. ఒంట్లో నలతగా ఉందని ఆయన ఆ రోజు పనికి వెళ్ళలేదు. 'ఎడం పక్క దవడ లాగుతోందే. చెమటలు కూడా పడుతున్నాయి' అన్నాడు. 'గ్యాసయ్యుంటుంది, మంచినీళ్ళు తాగి పడుకోండి. లైను లేక ఇక్కడ నా ప్రాణం పోతోంది' అంది. ప్రాణం పోతోందట, తనకి! ఇరవయ్యేళ్ళు గుండె కాగితాలు చదివిన మనిషికి దవడ నొప్పీ చెమటా అంటే ఏమిటో తెలీదా? లోకంలో వాళ్ళందరి చావుల్నీ ఎందుకు ఎందుకు అని నిలదీసిన మనిషి, కట్టుకున్నవాడు నొప్పంటే ఒక్కసారి ఎందుకని అడగలేదు. ఆరింటికి తాళం తీసుకుని లోపలికి వెళ్ళేసరికి మంచం పక్కన గ్లాసు ఖాళీగా ఉంది. చెప్పినట్టే మంచినీళ్ళు తాగాడు, చెప్పినట్టే పడుకున్నాడు. పాతికేళ్ళ కాపురంలో ఏ మాటా వినని మనిషి ఆ ఒక్క మాట విన్నాడు.

కబురందగానే మొదట వచ్చింది ఆడపడుచు. ఆయనకంటే ఆరేళ్ళు పెద్దది, రెండు వీధుల అవతలే ఇల్లు, ముప్పై ఏళ్ళు నర్సుగా చేసి అప్పటికి ఏడాదై ఇంటిపట్టున ఉంది. ఏడుస్తూనే తమ్ముడి మణికట్టు పట్టి చూసింది, కనురెప్ప ఎత్తి చూసింది, తర్వాత తలెత్తి 'ఎవరికీ ఫోన్ చెయ్యలేదా వీడు?' అంది. 'లేదు వదినా' అనేసింది ఆవిడ. ఆలోచించి ఆడిన అబద్ధం కాదు, నోరు జారింది. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే ఎక్కడ తీసుకుంటాం! వదిన ఇంకేం అడగలేదు, మంచం మీది తమ్ముడి ఫోను తీసి తన సంచిలో వేసుకుని 'వాడి గుర్తుగా నా దగ్గరుంచుకుంటాను' అంది. గుర్తుకి చొక్కా తీసుకుంటారు, వాచీ తీసుకుంటారు, ఫోనెవరు తీసుకుంటారు? పది రోజులాగి మెల్లగా కదిపితే 'పాడైపోయిందే, తెరుచుకోవడం లేదు' అంది ఎటో చూస్తూ. ఇక అప్పటి నుంచి వదిన ప్రతి మాట కిందా ఇంకో మాట వినపడేది. సరిగ్గా తింటున్నావా అంటే, తిండెలా సహిస్తోందే నీకు అన్నట్టుండేది. నిద్ర పడుతోందా అంటే, ఎలా పడుతోంది అన్నట్టుండేది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకోవడమని తనకీ తెలుసు, తెలిసీ తడుముకునేది. జాబితాలో ఏడో వరుస చూసిన సాయంత్రం ఇంటికి కూడా పోకుండా తిన్నగా వదిన గుమ్మం ఎక్కింది. 'సూర్యుడి వల్లేమోనట వదినా. ఆ రోజు పైనుంచి ఏవో కణాలు పడ్డాయట. అది మనుషుల చేతుల్లో లేదట' అంది. వదిన మడతపెడుతున్న దుప్పటి విప్పేసి మళ్ళీ మొదట్నుంచి మడిచింది. తర్వాత 'అయితే ఎవరం ఏం చేసినా ఆగేది కాదన్నమాట' అంది. అప్పటి నుంచి వారం వారం వస్తోంది, పక్కన కూర్చుంటోంది, మొన్న జ్వరమొస్తే రెండు రోజులుండి తల కూడా దువ్వి వెళ్ళింది. ముప్పై ఏళ్ళు ఆసుపత్రిలో పనిచేసిన మనిషి ఎదురు ప్రశ్న వెయ్యకుండా సూర్యుణ్ణి అంత తేలిగ్గా ఎలా నమ్మేసింది? నమ్మిందా, నమ్మినట్టు నటించి తనని కనిపెట్టి చూస్తోందా? అది మాత్రం ఆవిడకి ఇప్పటికీ తేలలేదు.

తేలకపోయినా సరే, పట్టుకోవడానికి ఒక కొమ్మ దొరికింది, అంతే చాలనుకుంది. ఎనిమిది నెలలు ఆఫీసు పనయ్యాక ఆగిపోయి, ఆరేళ్ళ కాగితాలు బీరువాల్లోంచి దింపి దుమ్ము దులిపి తేదీల వారీగా ఇచ్చింది. 'సూర్యుడి మీద కేసు ఎప్పుడు వేస్తున్నారక్కయ్యా, సమన్లు ఎవరు పట్టుకెళ్తారు?' అని పక్క బల్ల గుమాస్తా వేళాకోళం చేసేవాడు. చెయ్యనీ, కందకు లేని దురద కత్తిపీటకెందుకు. మబ్బు రోజున కూడా గొడుగేసుకుని తిరిగేది, కిటికీలకి మందపాటి దుప్పట్లు కట్టింది, ఉతికిన బట్టలు నీడన ఆరేసి ముక్కిన వాసన భరించింది. ఒకసారి ఆ పెద్దమనిషే గొడుగు చూసి నవ్వి, 'గొడుక్కి ఆగే సరుకు కాదమ్మా అది. మనల్ని కాచేది పైనున్న గాలి, భూమికున్న అయస్కాంతం. అవి చాలా మట్టుకు ఆపేస్తాయి, నేలమీద మనదాకా వచ్చేది బహు తక్కువ. అందుకే నాకింకా నమ్మకం చాలడం లేదు' అన్నాడు. ఆ మాటకి ఆవిడకి ఒళ్ళు మండింది. వెతుకుతున్నవాడే నమ్మకపోతే ఎలా? ఎవరైనా ఇతన్ని మార్చేశారా? సూర్యుణ్ణి వెనకేసుకొస్తే ఎవరికేం ఒరుగుతుందో ఆవిడకి తట్టలేదు గానీ, ఆ రోజు నుంచి అతని మీద కూడా ఒక కన్నేసి ఉంచింది.

తీరా చూస్తే కన్నెయ్యాల్సింది ఇంకో చోట. నాలుగు రోజుల కిందట ఈ కాగితంతో పాటు అతను లెక్కలు తేలిన పట్టిక కూడా చేతిలో పెట్టాడు. మామూలు రోజున గుండె చావులు తొమ్మిది, ఆ పదకొండు రోజుల్లో సగటున పదిహేడు. చూసి ఆవిడ పొంగిపోయింది, నిజం చెప్పాలంటే కళ్ళు తుడుచుకుంది. దొరికాడు దొంగ, అనుకుంది. తర్వాత, పాడు అలవాటు, పక్క గడి కూడా చూసింది. మొత్తం చావులు మామూలు రోజున నలభై. ఆ రోజుల్లోనూ నలభయ్యే. సూర్యుడు ఎనిమిదిమందిని అదనంగా పొట్టన పెట్టుకుంటే మొత్తం నలభై ఎనిమిది కావాలా వద్దా? గుండె గడిలో పెరిగిన ఎనిమిదీ కిడ్నీ గడిలోంచి, కాలేయం గడిలోంచి, ఊపిరితిత్తుల గడిలోంచి తగ్గాయి. పోయినవాళ్ళు తమంతట తాము లేచి గడి మారరు కదా. పట్టిక మూసి సొరుగులో పడేసింది గానీ అప్పటికే డొంకంతా కదిలిపోయింది. సూర్యుడు రేగిన రోజునే ఉపగ్రహం లైను పడిపోతుంది. లైను పడితే ఎర్ర సిరా ప్రశ్నలు వెళ్ళవు, జవాబులు రావు. గడి ఖాళీగా వదిలితే కంప్యూటరు జాబితా మూయనివ్వదు. అందుకని అయిదవుతుంటే, డాక్టరు గిలికిన 'గుండె ఆగి'ని అలాగే గుండె గడిలో వేసేసి, ఆ కాగితాన్ని 'రేపు దిద్దాలి' అని రాసిన అట్టలో పెట్టేవాళ్ళు. రేపటికి ఇంకో నలభై చావులు తయారు. ఆ అట్ట బీరువా పై అరలో ఇంత లావున ఉంది, ఎవరూ దిద్దలేదు, ఎర్రసిరా కూడా దిద్దలేదు. సూర్యుడికీ గుండె చావులకీ సంబంధం ఉంది, లేకేం, మధ్యలో ఉన్నది తన చెయ్యి.

ఎండ మళ్ళీ పాదం దాకా వచ్చింది. ఈసారి జరగడానికి బల్ల లేదు. సంతకం పెట్టేస్తే ఏమవుతుంది? లైను సంగతి ఈ వరండా దాటి ఎవరికి తెలుసు? పక్క బల్ల గుమాస్తాకి తెలుసు, వాడూ అదే చేశాడు కాబట్టి నోరెత్తడు. పెద్దాఫీసరుకి తెలుసు, తెలిసీ తెలీనట్టుంటాడు, అందుకే ఆ జీతం. సంతకం పెడితే పెద్దమనిషి రాస్తున్న వ్యాసమేదో అచ్చవుతుంది, వదిన చేతిలో పెట్టొచ్చు, చూడు వదినా ఏడో వరుస అనొచ్చు. పెట్టకపోతే? తలదువ్విన చెయ్యి మళ్ళీ రాదు. పిల్లాపీచూ లేని ఇల్లు, సాయంత్రం తలుపు కొట్టే మనిషి లోకంలో వదినొక్కతే. భయమేసింది ఆవిడకి. అంతలోనే బుర్రలో ఇంకో ఎత్తు లేచింది: సూర్యుడు రేగబట్టే కదా లైను పోయింది, లైను పోబట్టే కదా తను విసుక్కుంది, విసుక్కోబట్టే కదా గ్యాసంది, అంటే తిప్పి తిప్పి చూస్తే సూర్యుడే కదా చంపింది? ఛీ అనుకుంది. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. లైను లేని రోజున మిగతా ముప్పై తొమ్మిదిమంది కాగితాలు ఎలా ఉన్నా, ఆయన కాగితం ఊళ్ళో డాక్టరు చేత్తో, లైనుతో పని లేకుండా, గుండె రక్తనాళం మూసుకుపోయి పోయారని అక్షరం అక్షరం విడదీసి రాసి ఉంది. కర్మల రోజులు గడిచి మళ్ళీ పనిలో చేరినప్పుడు తనే తీసి చూసింది. వేలు పెట్టడానికి సందు లేదు. ఆ రోజు కట్టలో అనుమానించడానికి వీల్లేని కాగితం అదొక్కటే.

తలుపు తీశారు. లోపల పెద్దాఫీసరు కుర్చీలో, సూర్యుడి పెద్దమనిషి కిటికీ పక్కన. ఆవిడ కూర్చోలేదు. కాగితం బల్ల మీద పెట్టి, పెన్ను తీసి, ఆ వాక్యం కింద 'కాదు' అని రాసి, ఎందుకు కాదో అయిదు వరుసల్లో రాసి, అప్పుడు సంతకం పెట్టింది. పెద్దాఫీసరు తొంగి చూసి 'ఏమిటమ్మా ఇది, ఆఫీసు పరువు...' అని మొదలుపెట్టి ఆగిపోయాడు. పెద్దమనిషి చదివాడు, చదివి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

'మొత్తం పెరగలేదని నాకూ అనుమానం వచ్చిందమ్మా. మీరు చెప్తే వినాలని ఆగాను. ఎనిమిది నెలల శ్రమ కదా, అడగడానికి నాకూ నోరు రాలేదు.'

'ఆ అట్టలో ఎనభై ఎనిమిది కాగితాలున్నాయండీ. ఒక్కొక్కటీ అడిగి దిద్దుతాను.'

'దిద్దాక మళ్ళీ చూద్దాం. ఏదైనా ఉంటే ఉండొచ్చు, లేకపోతే లేదు.'

ఇతన్నా అనుమానించింది, పాపం! ఆవిడ వరండాలోకి వచ్చి, జనన పత్రం మనిషి చూస్తుండగానే ఎండలో కూర్చుని ఫోను తీసింది. ఇంకో పావుగంట ఆగితే చెప్పలేనని తెలుసు. వదిన ఎత్తగానే ఊపిరి కూడా తీసుకోకుండా చెప్పేసింది. 'వదినా, సూర్యుడి మాట నిజం కాదు, లెక్క మా దగ్గరే తప్పింది. అంతా సరిగ్గానే రాశామని సంతకం అడిగితే కాదని రాసిచ్చాను. ఇంకోటి, ఆ రోజు ఎవరికీ ఫోన్ చెయ్యలేదన్నాను చూడు, అదీ అబద్ధమే. నాకు చేశాడు. పదకొండూ పదికి. దవడ నొప్పి, చెమటలు అన్నాడు. గ్యాసని చెప్పి పెట్టేశాను.'

తిడుతుంది, పెట్టేస్తుంది, అనుకుంది ఆవిడ.

'నాకు తెలుసే' అంది వదిన. 'వాడి ఫోన్లో చూశాను. నీ పేరు కింద ఉంది. పైన నా పేరుంది.'

'నీ పేరా?'

'పదకొండుంపావుకి. నీ తర్వాత నాకే చేశాడు. అదే దవడ, అదే చెమట. ముప్పై ఏళ్ళు నర్సుగా చేసిన దాన్ని, మంచినీళ్ళు తాగావా అని అడిగాను. తాగానక్కా అన్నాడు. అయితే గ్యాసే, పడుకోరా అన్నాను.'

వదిన ఏడుస్తోంది. రెండేళ్ళలో ఆవిడ ఎరిగిన ఏడుపు కాదు, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడుస్తోంది. మధ్యలో గొంతు కూడదీసుకుని, 'ఆ సంతకమేదో పెట్టేయకపోయావా తల్లీ, మనిద్దరికీ హాయిగా ఉండేది కదే' అంది.

'ఇంట్లోనే ఉండు వదినా, వస్తున్నాను' అని లేచింది.